పెర్ల్ వైట్ ‘పెరిల్స్ ఆఫ్ పాలీన్’: మిగిలిన భాగాలు ఎక్కడ?

మూకీప్రియ: నటి పెర్ల్ వైట్ నటించిన ‘పెరిల్స్ ఆఫ్ పాలీన్’ థియేటర్లలో భాగాలుగా వచ్చిన అమెరికన్ మూకీ. 1914 నాటి ఆ 20 భాగాల సీరియల్‌లో ఇప్పుడు 9 భాగాలే కనిపిస్తున్నాయి. వాటిలో మెరుగైన ప్రతి ఎక్కడ దొరుకుతుంది? మిగతా 11 భాగాలు ఏ ఆర్కైవులోనైనా బయటపడే అవకాశం ఉందా?

రీలుపెట్టె: ఆ లెక్కే తప్పండి. 20లో 11 పోయి 9 నిలవలేదు. 1916లో ఐరోపా ప్రేక్షకుల కోసం కథను కుదించి 9 భాగాలుగా విడుదల చేసిన కూర్పు అది. అమెరికాలో వారాల తరబడి జనం ఎదురుచూసి చూసిన సీరియల్ పోయినట్లే. 2008లో నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో (అమెరికాలో భద్రపరచదగ్గ చిత్రాల జాబితా) చేర్చారు కనుక భద్రంగా ఉందని చాలామంది నమ్ముతున్నారు, అదే నా బాధ.

బారాభిమాని: మీ మాట నాకు కష్టంగా తోచింది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ స్టూడియో ఫిల్మ్ గిడ్డంగి తగలబడినప్పుడు మూకీ తార థీడా బారా చిత్రాలు ఎన్నో బూడిదయ్యాయి. ఆమె ‘క్లియోపాత్రా’ నుంచి తునకలే మిగిలాయి. పెర్ల్ వైట్ స్వయంగా చేసిన సాహసాలు గంటల కొద్దీ చూడగలుగుతూ కూడా సినిమా లేదంటారా?

ల్యాబ్‌మనిషి: ఫిల్మ్ ల్యాబులో ఏళ్లపాటు పనిచేసినవాడిగా చెబుతున్నాను, మంటలకంటే నిర్లక్ష్యమే ఎక్కువ నష్టం చేసింది. అప్పట్లో వాడిన, తేలిగ్గా మండే నైట్రేట్ ఫిల్మ్ ముందు జిగటబారి, రీలంతా అంటుకుపోయి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. మాటల చిత్రాలు వచ్చాక ఫిల్మ్ పూతలోని వెండి కోసం కరిగించినవి వేరు. మూకీల్లో అసలు 35 ఎం.ఎం. రూపంలో పూర్తిగా నిలిచినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించింది.

రీలుపెట్టె: ఆ 14 శాతం అమెరికన్ ఫీచర్ (పూర్తి నిడివి) చిత్రాలది. అనుభవం ఉన్న మీరే దాన్ని సీరియళ్లకు అంటగడితే ఎలా?

ఉత్తరధ్రువం: ఆశ ఉందా అన్న ప్రశ్నను అందరూ వదిలేశారు. 1978లో కెనడాలోని డాసన్ సిటీలో, పూడ్చిన ఈతకొలను మట్టిలోంచి వందల రీళ్లు తీశారు. పంపిణీ వరుసలో అది చివరి ఊరు, తిరిగి పంపే ఖర్చు దండగని రీళ్లను అక్కడే వదిలేశారు. హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ తీసిన మూకీ ‘అప్‌స్ట్రీమ్’ న్యూజిలాండ్‌లో దొరికింది. కనుక వెతకవలసింది హాలీవుడ్‌లో కాదు, దూరదేశాల్లో.

వెంకయ్యవారసుడు: మన తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క రీలైనా లేదు. 2003లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవు నైట్రేట్ చిత్రాలు కాలిపోయాయి. మనవాటి గురించి ఇంత పట్టుదల ఎవరికీ లేదేం?

బారాభిమాని: ఆ బాధ నాకూ ఉంది, దానికి వేరే చర్చ పెట్టండి, తప్పక వస్తాను. రీలుపెట్టె గారూ, మీరింకా నాకు జవాబు చెప్పలేదు.

రీలుపెట్టె: చూడవద్దని నేననలేదు. దాన్ని అందరికీ అందిస్తున్నవారు పేరు పక్కన ‘1916 ఐరోపా కూర్పు’ అని రాయాలి, అంతే అడుగుతున్నాను.