అప్‌డేట్: అత్తయ్య కత్తిపీటకు పేటెంట్ వేశాం

పనసపొట్టు కొట్టేటప్పుడు జిగురు చేతికంటకుండా మా అత్తయ్య కత్తిపీటకు చేసిన అమరికకు పేటెంట్ వస్తుందా అని అడిగాను కదా. ప్రొవిజినల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసేశాం! వైజాగ్ నుంచి కదలక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే చెన్నై పేటెంట్ ఆఫీసుకి. వ్యక్తులకు ఫీజు 1,600. పూర్తి వివరాలకు 12 నెలల గడువు.

దరఖాస్తుదారుగా మామయ్య పేరు పెడదామన్నారు, నేనే అడ్డుపడ్డా. చేసింది ఆవిడ! పైగా దరఖాస్తుదారు మహిళైతే పరిశీలన త్వరగా చేయమని అడగొచ్చు. అసలు టెన్షన్ వేరే: దరఖాస్తుకు ముందే ఎంవీపీ రైతుబజార్లో అందరికీ చూపించబోయింది. పేటెంట్ కొత్తవాటికే ఇస్తారు, అలా ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే. బతిమాలి ఆపాను.

1886లోనే అమెరికాలో జోసఫీన్ కాక్రన్ గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంట్ తీసుకుందని చెప్పా. "ఆవిడకీ పనిమనిషి మానేసిందా ఏంటి?" అంది అత్తయ్య.