ఆల్గే, లార్వే, వైరస్: నివేదికలో ల్యాటిన్ బహువచనాలు ఎలా రాయాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)
మా ల్యాబులో రొయ్యల చెరువుల నీటిని పరీక్షించి, రైతులకు తెలుగులోనూ, మేత కంపెనీల వారికి ఇంగ్లీషులోనూ నివేదికలు ఇస్తుంటాము. ఇంగ్లీషు నివేదికలో ఒకరు ‘ఆల్గే’ అనీ, మరొకరు ‘ఆల్గేస్’ అనీ రాస్తున్నారు. ‘అస్’తో ముగిసే ప్రతి మాటకూ ‘ఐ’ పెట్టాలంటూ మా సీనియర్ ఒకాయన ‘వైరస్’ను ‘వైరై’గా దిద్దారు. అది సరైనదేనా అండి?

జవాబు (రాజమహేంద్రవరం)
కాదండి. ఆల్గాకు ఆల్గే, లార్వాకు లార్వే, బ్యాక్టీరియమ్‌కు బ్యాక్టీరియా, ఫంగస్‌కు ఫంగై అనే వరకు చిక్కు లేదు. ‘ఆల్గే’యే బహువచనం గనుక దానికి మళ్లీ ‘స్’ తగిలించనక్కరలేదు. చిక్కంతా ‘అస్’తోనే. ల్యాటిన్‌లో వైరస్ అంటే విషం, జిగట ద్రవం. అది నపుంసకలింగం, పైగా లెక్కపెట్టరాని పదార్థం పేరు కావడం వల్ల ప్రాచీనులు దానిని బహువచనంలో వాడిన దాఖలా లేదు. కనుక ఇంగ్లీషు పద్ధతిలో ‘వైరసెస్’ అనడమే సరి. ‘అపరేటస్’, ‘స్టేటస్’ ల్యాటిన్ నామవాచకాల్లో మరో గణానికి (వర్గానికి) చెందినవి. ల్యాటిన్ బహువచనంలో వాటి రాత మారదు, చివరి అచ్చు మాత్రం దీర్ఘమవుతుంది. ఆక్టోపస్ అసలు గ్రీకు మాట, దానికి ‘ఐ’ తగిలించడం కేవలం పాండిత్య ప్రదర్శన.

జవాబు (అమలాపురం)
హేచరీలో గుడ్డు నుంచి వెలువడిన తొలి దశను నాప్లియస్ అంటారు; దాని బహువచనం ‘నాప్లియై’ సరైనదే. అయితే చివర ‘ఐ’ కనబడినంత మాత్రాన బహువచనమని భ్రమపడరాదు. మనమంతా పెంచుతున్న వనామీ రొయ్య శాస్త్రీయ నామం (vannamei) చివరనున్న ‘ఐ’ షష్ఠీ విభక్తి ఏకవచనం: 1931లో ఈ జాతిని వర్ణించిన బూన్, అమెరికా జీవశాస్త్రవేత్త వాన్ నేమ్ పేరు దానికి పెట్టారు. అది ‘వాన్ నేమ్ యొక్క’ రొయ్య అన్నమాట.

జవాబు (పాలకొల్లు)
తెలుగు నివేదికలో ఇంత పట్టింపు అవసరం లేదని నా అభిప్రాయం. ‘బ్యాక్టీరియా పెరిగింది’ అంటే రైతుకు వెంటనే అర్థమవుతుంది. అక్కడ ‘బ్యాక్టీరియమ్’ అని రాస్తే అదేదో కొత్త తెగులనుకుంటారు. ల్యాటిన్‌లో బహువచనమైన ‘అజెండా’ను ఇంగ్లీషువారే ఏకవచనం చేసుకున్నారు. ‘ఆమ్నిబస్’ అంటే ‘అందరికీ’. అందులోని విభక్తి తోకను మాత్రమే ఉంచుకుని వారు ‘బస్’ అన్నారు, దానికి మనం ‘లు’ చేర్చాము.

ప్రశ్న (భీమవరం నుంచి)
కృతజ్ఞతలండి. మరి ‘విబ్రియో’ అనే బ్యాక్టీరియా పేరు మాటేమిటి?

జవాబు (రాజమహేంద్రవరం)
ప్రజాతి పేరుగా పెద్ద అక్షరంతో రాసినప్పుడు అది ఏకవచనమే, దానికి బహువచనం చేయకూడదు. ఆ సూక్ష్మజీవులను గురించి మామూలుగా చెప్పేటప్పుడు చిన్న అక్షరంతో ‘విబ్రియోస్’ అని రాయవచ్చు.