ఏఎండీకి (వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు) రాసే ఐ విటమిన్లు: ఏ డబ్బా తీసుకోవాలి?

టి.నగర్ వాసి:
నాన్నగారికి 72 ఏళ్లు. ఓసీటీ (రెటీనా స్కాన్) తీసి కుడికంట్లో డ్రై ఏఎండీ, మధ్యస్థ దశ అన్నారు. ఎడమకంట్లో తొలి దశ. మందుల షాపులో నాలుగు రకాలు చూపించారు, నాలుగింటి మీదా మోతాదులు వేరు. ఆయన సిగరెట్ మానేసి 8 ఏళ్లయింది. ఏది కొనాలి? చూపు మెరుగవుతుందా? శుక్లానికీ పనికొస్తుందా?

పెరంబూర్ ఫార్మసీ:
పోయిన చూపు రాదండీ. జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది, అంతే. ఈ విటమిన్ల మీద జరిగి 2001లో ఫలితాలొచ్చిన అరెడ్స్ అనే పరీక్షలో మధ్యస్థ దశవాళ్లకి అయిదేళ్లలో ముదిరే ముప్పు సుమారు 25 శాతం తగ్గింది. తొలి దశకి లాభం కనబడలేదు. శుక్లానికీ అంతే, దానికి ఆపరేషనే.

రోజు మొత్తానికి పడాల్సింది: విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 ఐయూ, లూటీన్ 10, జియాజాంథిన్ 2 (ఈ రెండూ ఆకుకూరల్లో ఉండే రంగు పదార్థాలు), జింక్ 80, రాగి 2 మి.గ్రా. ఇది ఒక బిళ్లలోనా, రెండింటిలోనా అన్నది డబ్బా వెనక చూడండి. తేడా ఎక్కువగా జింక్ దగ్గరే వస్తుంది: "జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 55 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు జింక్ 20 మాత్రమే. దాని తర్వాతి పరీక్ష, 2013 నాటి అరెడ్స్ 2లో 25 మి.గ్రా.కీ 80కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు కాబట్టి, 80 పడక కడుపులో తిప్పితే డాక్టర్నడిగి తగ్గించుకోవచ్చు. కానీ ఇంత జింక్ ఇచ్చి రాగి వెయ్యని డబ్బా వద్దు. జింక్ ఎక్కువైతే రాగి ఒంటికి పట్టదు, రక్తహీనత వస్తుంది.

అడయార్ రెటీనా:
మీ నాన్నగారి విషయంలో ముందు చూడాల్సింది పాత అరెడ్స్ ఫార్ములాలో ఉండే బీటా కెరోటిన్. పొగ తాగేవాళ్లకే కాదు, మానేసినవాళ్లకీ అది ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెంచుతుంది. అందుకే దాని బదులు లూటీన్, జియాజాంథిన్ వచ్చాయి. పాత ఫార్ములా చేతిలో పెడితే తిరిగిచ్చెయ్యండి. ఒమేగా-3 కలిపినా అదనపు లాభం కనబడలేదు, దానికోసం ఎక్కువ పెట్టొద్దు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే విటమిన్ ఇ సంగతి గుండె డాక్టరుకి చెప్పాలి.

టి.నగర్ వాసి:
వార్ఫరిన్ లేదండీ. ఎప్పుడు వెయ్యాలి?

పెరంబూర్ ఫార్మసీ:
భోజనం అయ్యాక. పరగడుపున జింక్ వికారం పెడుతుంది, లూటీన్‌కి కాస్త నూనె తోడుండాలి. తోటకూర, పాలకూర, మునగాకు తాలింపులో వేయించి పెట్టండి. డాక్సీసైక్లిన్‌లాంటి యాంటీబయాటిక్ రాస్తే జింక్‌కీ దానికీ ఎడం ఎంత ఉండాలో అడగండి.

అడయార్ రెటీనా:
ఆమ్స్‌లర్ గళ్ల కాగితం ఫ్రిజ్ తలుపుకి అతికించండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని, జానెడున్నర దూరం నుంచి, ఒక కన్ను మూసి మధ్య చుక్కనే చూడాలి; తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. గీత కొత్తగా వంకర తిరిగినా, మధ్యలో గళ్లు మాయమైనా అది వెట్ ఏఎండీ (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకం) కావచ్చు. దానికి బిళ్లలు చాలవు, కంట్లో ఇంజెక్షన్ కావాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.