డెన్మార్క్ టేకు కుర్చీల తయారీదారు ఎవరు?
డెన్మార్క్‌లోని ఓర్హుస్ నగరంలో ఒక పాత సామాన్ల సంతలో నాలుగు టేకు భోజనాల కుర్చీలు కొన్నాను. 1960ల నాటివని అమ్మినాయన చెప్పాడు. అడుగున ‘డానిష్ ఫర్నిచర్‌మేకర్స్ కంట్రోల్’ అన్న గుండ్రటి ముద్ర ఉంది. అది నాణ్యతకు గుర్తే తప్ప, తయారీదారు ఎవరో చెప్పదు. దాని పక్కనే 4×2 సెంటీమీటర్ల లేతరంగు మచ్చ: చీటీ పీకేసిన చోటు. పీకినవారికి పుణ్యముంటుంది! టార్చి ఏటవాలుగా వేసి చూసినా ఒక్క అక్షరం కనిపించలేదు.

ఎత్తు 79, సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు. వెనుక వంపు డెన్మార్క్ డిజైనర్ నీల్స్ ఓ. మోలర్ కుర్చీల్లో 75వ నమూనాను తలపిస్తుంది, కానీ దానికి కాళ్ల మధ్య అడ్డుకర్రలు ఉండవు. నావాటికి ఇరుపక్కలా ఒక్కొక్కటి ఉంది. మరో డెన్మార్క్ డిజైనర్ బోర్గె మోగెన్సెన్ 1947లో గీసిన జె39 కుర్చీకి అడ్డుకర్రలున్నా, దాని సీటు అల్లిక నాలుగు వైపుల నుంచి మధ్యకు చేరుతుంది. నావి గళ్ల అల్లిక. కాగితపు తాడును లోపలి వైపు ఎల్ ఆకారపు మేకులకు తగిలించారు. ఒక వేలంశాలకు రెండు వారాల కిందట ఫొటోలు పంపాను, జవాబు లేదు.

పక్క అడ్డుకర్రలు, గళ్ల తాడు అల్లిక, వంపు తిరిగిన వీపు కలిసిన టేకు కుర్చీలను ఆ కాలంలో ఏ డెన్మార్క్ కర్మాగారం చేసేది?