పచ్చి సుబాబుల్ కొంటే తూకంలో మునుగుతున్నాను, తరుగు ఎంత తీయాలి?

ఒంగోలు దగ్గర చిన్న కట్టెల అడితి నాది. ఒక రంపం మిషన్, ఇద్దరు కూలీలు. బిర్యానీ హోటళ్లకు, పెళ్లి వంటలకు అడుగున్నర ముక్కలు కోసి వేస్తాను.

రైతుల దగ్గర పచ్చి సుబాబుల్ టన్ను 4,500కు కొంటున్నా. కొట్టుకూలి, లారీ కిరాయి కలిపితే 5,800. ఏప్రిల్‌లో 10 టన్నులు తెచ్చి, 40 రోజులు ఎండబెట్టి కాటా వేస్తే 7 టన్నుల 200 కిలోలే తేలింది. అంటే ఎండుకట్టె టన్ను నాకే 8,000 దాటింది. హోటళ్లు 8,500 మించి ఇవ్వవు. కోత ఖర్చు కూడా అందులోనే.

తొందరపడి 20 రోజులకే ఒక లోడు పంపితే, పొయ్యిలో కట్టె చివర్ల నుంచి నురగ కక్కి ఒకటే పొగ. వంటమాస్టర్ ఆటోను అటే తిప్పి పంపాడు.

సామిల్లు చెక్కలు చూశాను, గడ్డిలా మండిపోతాయి. చిల్లకట్టె (సర్కారు తుమ్మ) నిప్పు బాగా నిలుస్తుంది కానీ వంకరలు, ముళ్లు, కూలి రెట్టింపు. తరుగు అడిగితే రైతులు పేపర్ మిల్లుకే తోలతామంటున్నారు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెప్పండి: కొట్టిన వారంలోపు సుబాబుల్ కొంటే టన్నుకు ఎన్ని కిలోలు తరుగు తీస్తున్నారు?