తృణమణిలోని ఈగ ఏ కుటుంబానికీ సరిపోవడం లేదు, ఇది కొత్త జాతేనా?

నీలిమేఘం:
అందరికీ నమస్కారం. ఆరు గంటలుగా ఒకే కీటకం ముందు కూర్చున్నాను, ఓపిక నశించింది. తృణమణిలో, అంటే యుగాల కిందట చెట్టు నుంచి స్రవించి గట్టిపడిన ముక్కలో, చిక్కుకున్న ఒక చిన్న ఈగను గుర్తించే ప్రయత్నంలో ఉన్నాను. ఒక్కో మెట్టులో ఒక్కో లక్షణం అడుగుతూ కుటుంబం తేల్చే గుర్తింపు పట్టికలో మొదటి మెట్లన్నీ సాఫీగానే దాటాను. స్పర్శశృంగాల పైన రెండు కళ్ళూ సన్నని వంతెనలా కలిసి ఉన్నాయి కనుక ఇది సియారిడే కుటుంబమని అనుకున్నాను. అయితే ఆ కుటుంబంలో రెక్క మధ్య ఈనె ఒక కాడగా బయలుదేరి రెండు కొమ్మలుగా చీలాలని పట్టిక చెబుతోంది. నా ఈగకు రెండు కొమ్మలూ ఉన్నాయి, వాటిని మోసే కాడ మాత్రం లేదు. సెసిడోమయిడే అనే మరో కుటుంబం వైపు వెళ్తే అక్కడా కుదరలేదు. మొదటి నుంచి మూడుసార్లు వచ్చినా అదే చోట ఆగిపోతున్నాను. ఏ కుటుంబంలోనూ ఇమడని శిలాజం అంటే కొత్త జాతి అనే కదా అర్థం? పేరు పెట్టాలంటే ఏం చేయాలో దయచేసి చెప్పండి. ఫోటో జతచేశాను.

సూక్ష్మదర్శిని:
ఎక్కడి తృణమణి? ఈగ పొడవెంత? మగదా, ఆడదా? ఫోటోలో కొలత గీత లేదు. ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పదశోధకుడు:
ముందుగా, తృణమణి అనే మాట వాడినందుకు మీకు అభినందనలు. గుడ్డతో రుద్దితే గడ్డిపరకలను ఆకర్షిస్తుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. గ్రీకులు దీన్నే ఎలెక్ట్రాన్ అన్నారు, విద్యుత్తుకు ఐరోపా భాషల్లో ఉన్న పేరు అక్కడి నుంచి పుట్టిందే. చాలామంది దీన్ని అంబరు అని రాస్తున్నారు. అరబ్బీలో ఆ మాటకు అర్థం తిమింగలం కడుపులో తయారయ్యే సుగంధద్రవ్యం, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక శిలాజం అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. శిల నుంచి పుట్టినది శిలాజం. ఇక్కడ శిలగా మారినది ఏమీ లేదు, చెట్టు స్రవించిన జిగురులో ఈగ మునిగిపోయింది, అంతే.

పాతరెసిన్:
జిగురు అనడం కూడా సరికాదండీ. తుమ్మ బంక నీటిలో కరుగుతుంది, అది జిగురు. గుగ్గిలం నీటిలో కరగదు, అది రెసిన్. తృణమణి రెండో కోవకు చెందుతుంది. గుజరాత్‌లోని లిగ్నైట్ గనుల్లో దొరికే సుమారు 5 కోట్ల ఏళ్ళ నాటి తృణమణి, గుగ్గిలం చెట్టు ఏ కుటుంబానిదో ఆ కుటుంబపు చెట్ల నుంచే వచ్చిందని తేలింది.

అసలు విషయానికి వస్తే, ఈగ కన్నా ముందు ముక్కను అనుమానించాలి. అది కోపాల్, అంటే ఇంకా పూర్తిగా గట్టిపడని లేత రెసిన్ కావచ్చు, ప్లాస్టిక్ కూడా కావచ్చు. ఉప్పు బాగా కలిపిన నీటిలో తృణమణి తేలుతుంది, కానీ కోపాల్ కూడా తేలుతుంది కనుక ఆ పరీక్షతో తృప్తిపడకండి. కీటకానికి దూరంగా ఒక మూలన ఒక చుక్క ఎసిటోన్ వేసి చూడండి, కోపాల్ అయితే పైభాగం జిగటగా మారుతుంది. కాల్చిన సూదితో మాత్రం గుచ్చకండి. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో బాల్టిక్ సముద్ర తీరపు తృణమణిలోనిదని నమ్మిన ఒక ఈగ దశాబ్దాల పాటు నిపుణులను మోసం చేసింది. ఎవరో ముక్కను రెండుగా కోసి, లోపల తొలిచి, నేటి కాలపు ఫానియా స్కలారిస్ ఈగను పెట్టి మళ్ళీ అతికించారు. 1993లో అక్కడి పరిశోధకుడు ఆండ్రూ రాస్ పరిశీలిస్తుండగా దీపపు వేడికి ఈగ చుట్టూ పగులు కనిపించడంతో అది బయటపడింది. అంతటి సంస్థకే ఆ గతి పట్టినప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

నీలిమేఘం:
బాల్టిక్ ముక్క అని ఫోటో చూస్తే తెలుస్తుందనుకున్నాను, అందుకే రాయలేదు. ఎసిటోన్ పరీక్ష కొన్నరోజునే చేశాను, ఏమీ కాలేదు. ఈగ పొడవు సుమారు 2 మి.మీ. పక్క నుంచి చూస్తున్నాను. ఒకవైపు పాలలాంటి తెల్లని పొర కప్పేసి ఉంది. చుట్టూ నక్షత్రాల ఆకారంలో దుమ్ము కూడా ఉంది, దానివల్ల ఫోటో పాడవుతోంది. నా ప్రశ్న రెక్క గురించి, దయచేసి దానికి జవాబివ్వండి.

సూక్ష్మదర్శిని:
అది దుమ్ము కాదు. ఓక్ చెట్ల పైనుంచి రాలిన నూగు అంటారు. బాల్టిక్ తృణమణిలో తరచూ కనిపిస్తుంది. ఆ తెల్లపొర కూడా బాల్టిక్ ముక్కల్లో మామూలే. ముక్క నిజమైనదే అయి ఉంటుంది.

రెక్కలరేఖ:
నీలిమేఘం గారూ, మీ కష్టం నాకు బాగా తెలుసు, ఈ మెట్టు దగ్గరే నేనూ చాలా రోజులు పోగొట్టుకున్నాను. మీ మొదటి సందేశంలో ఒక మాట మార్చితే సగం చిక్కు విడిపోతుంది. ‘కాడ లేదు’ అన్నారు, ‘కాడ కనిపించడం లేదు’ అనాలి. తృణమణిలో ఈ రెండింటికీ ఉన్న తేడాను మరిచిపోయి రాసిన వర్ణనల వల్లే లేని ప్రజాతులు పుట్టుకొచ్చి, తరువాత వచ్చినవారు వాటిని కొట్టేయవలసి వస్తుంది. సియారిడేలో ఆ కాడ సహజంగానే పలచగా ఉంటుంది, కొమ్మలంత స్పష్టంగా ఉండదు. దానికి తోడు మీరు పక్క నుంచి చూస్తున్నారు, వంపు తిరిగిన ఉపరితలం గుండా చూస్తున్నారు, వెలుగు ఎక్కడి నుంచి వేస్తున్నారో చెప్పలేదు.

కళ్ళ వంతెన ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా మనవి. సెసిడోమయిడేలో కూడా చాలా వాటికి కళ్ళు అలాగే కలుస్తాయి. కాళ్ళలో టిబియా, అంటే తొడ తరువాతి పొడవాటి భాగం, దాని చివర చూడండి. అక్కడ ముల్లులాంటి స్పర్లు ఉంటే సెసిడోమయిడేను పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. రెక్కకు సమాంతరంగా ఒక చదునైన ముఖం తయారుచేయాలి. నీటిలో తడిపిన సన్నని ఉప్పు కాగితంతో, గరుకు సంఖ్య 800 నుంచి మొదలుపెట్టి ఇంకా సన్నని 1200, 2000 వరకు వెళ్ళండి. ప్రతి కొద్ది రుద్దులకీ ఆగి సూక్ష్మదర్శిని కింద చూసుకోండి, ఎందుకంటే ఈగను తాకితే ఇక తిరిగి రాదు. పొడిగా రుద్దితే వేడికి పగుళ్ళు వస్తాయి. తరువాత ఆ ముఖంపై ఒక చుక్క గ్లిసరిన్ వేసి కవర్ గ్లాస్ పెట్టండి. తృణమణి వక్రీభవన గుణకం దాదాపు 1.54, గ్లిసరిన్‌ది 1.47, గాలిది 1, అంటే వెలుగును వంచే తీరులో గ్లిసరిన్ తృణమణికి దగ్గర. చుక్క వేయగానే గీతలన్నీ మాయమై లోపలి భాగం తేటపడడానికి కారణం అదే. వెలుగును నేరుగా కాక ఏటవాలుగా వేసి, నెమ్మదిగా తిప్పుతూ చూడండి.

‘ఏ కుటుంబంలోనూ ఇమడదు కాబట్టి కొత్త జాతి’ అన్న తర్కం కూడా తలకిందులుగా ఉంది. మీరు వాడుతున్న పట్టిక నేడు బతికి ఉన్న ఈగల కోసం తయారైనదైతే అంతరించిన ప్రజాతులు అందులో ఉండవు. జాతి కొత్తదని చెప్పాలంటే ముందు కుటుంబం, ఆ తరువాత ప్రజాతి తేల్చి, ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా వర్ణించిన వాటన్నిటితో పోల్చాలి. సియారిడేలో ఆ పోలిక ప్రధానంగా మగ ఈగ ఉదరం చివరన, జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకోవడానికి ఉండే పట్టుకొమ్మలతో జరుగుతుంది. అందుకే సూక్ష్మదర్శిని గారు మగదా, ఆడదా అని అడిగారు. మీరు దానికి ఇంకా జవాబివ్వలేదు.

శిలాస్మృతి:
పేరు పెట్టడం గురించి అడిగారు కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పాలి. 2000 సంవత్సరం నుంచి ప్రకటించే ప్రతి కొత్త జాతికీ ప్రామాణిక నమూనా, అంటే హోలోటైప్, ఏదో స్పష్టంగా పేర్కొనాలి, అది ఏ సేకరణలో ఉందో లేదా ఉండబోతోందో కూడా రాయాలి. సొంత అలమారాలో దాచుకున్న హోలోటైప్‌ను మరొకరు తిరిగి పరిశీలించలేరు, కనుక దాన్ని మ్యూజియానికి ఇవ్వడమే ధర్మం. మయన్మార్‌లోని కచిన్ ప్రాంతం నుంచి వచ్చే సుమారు 9.9 కోట్ల ఏళ్ళ నాటి తృణమణి విషయంలో అయితే ఇది ఇంకా బరువైన ప్రశ్న. ఆ గనుల చుట్టూ సాయుధ సంఘర్షణ ఉంది, దానివల్ల 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల సంఘం శాస్త్ర పత్రికలకు లేఖ కూడా రాసింది. ముక్క ఎలా వచ్చిందో తెలియకుండా శాస్త్రం చేయకూడదని నా నమ్మకం.

సూక్ష్మదర్శిని:
వారిది బాల్టిక్ ముక్క.

శిలాస్మృతి:
తెలుసండీ. ఎక్కడిదైనా, ఎలా వచ్చిందో రాసిపెట్టుకోవాలనే చెబుతున్నాను.

పదశోధకుడు:
మీరు కూడా శిలాజం అంటున్నారు. కనీసం ‘కీటకావశేషం’ అనండి.

రెక్కలరేఖ:
పదశోధకుడు గారూ, గతించిన యుగాల జీవుల ఆనవాలు ఏదైనా, రాయిగా మారినా మారకపోయినా, శాస్త్రంలో శిలాజమే. మంచులో గడ్డకట్టిన మామత్‌నూ అలాగే లెక్కిస్తారు. మాట పుట్టుక ఒకటి, వాడుక మరొకటి.

పదశోధకుడు:
వాడుకను నేను కాదనడం లేదు, ఇంతకన్నా మంచి మాట కట్టుకునే వీలున్నప్పుడు ఎందుకు వదులుకోవాలని అడుగుతున్నాను. దీని మీద విడిగా రాస్తాను.

నీలిమేఘం:
గ్లిసరిన్ చుక్క పనిచేసింది. వెలుగును పక్కకు తిప్పగానే కాడ దారపు పోగులా కనిపించింది, టిబియా స్పర్లు కూడా ఉన్నాయి, అంటే సియారిడేనే. ఉదరం చివర పట్టుకొమ్మలు లేవు, రెండు ముక్కలుగా ఉన్న చిన్న సెర్సైలు, అంటే ఉదరం కొసన ఉండే జత అవయవాలు, ఉన్నాయి కనుక ఆడ ఈగ అనుకుంటాను. జాతి తేలదన్నమాట. అందరికీ ధన్యవాదాలు. అదే ముక్క రెండో చివరన ఇంకో చిన్న ఈగ ఉంది, ఇప్పటిదాకా పట్టించుకోలేదు, దానికి పట్టుకొమ్మలు ఉన్నట్టే కనిపిస్తున్నాయి.

సూక్ష్మదర్శిని:
కొలత గీతతో ఫోటో పెట్టండి.