రాయబారి అంటే కబురు మోసేవాడేనా?

మొన్న మన గుంపులో ఒకరు అడిగారు: “పేపర్లో ‘రష్యాలో భారత రాయబారి’ అని రాస్తున్నారు. రాయబారం అంటే అటు మాట ఇటు, ఇటు మాట అటు మోయడమే కదా. అంత పెద్ద హోదాకి ఆ మాట చిన్నగా లేదూ? దౌత్యాధికారి అంటే నిండుగా ఉంటుంది.” కింద చాలామంది నిజమేనన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. వ్యాఖ్యలో ఇమడదని విడిగా రాస్తున్నాను.

ముందు మాటను విప్పుదాం. ‘రాయ’ అంటే రాజు. కృష్ణరాయల్లో ఉన్న రాయే. ‘బారం’ అంటే భారం. మన నోట ఒత్తు జారిపోయింది గానీ పక్కన కన్నడం వాళ్లు ఈరోజుకీ ‘రాయభారి’ అనే రాస్తారు. రాజు మోయాల్సిన బరువును, రాజు లేని చోట, తన భుజాన వేసుకున్నవాడు రాయబారి. మరి దౌత్యం? అది ‘దూత’ నుంచి వచ్చింది. దూత అంటే పంపబడినవాడు, కబురు తెచ్చేవాడు. నిండుగా ఉందనుకుని ఎంచుకున్న మాటలోనే కబురు మోసేవాడున్నాడు. చిన్నదనుకున్న మాటలో రాజ్యం బరువుంది.

ఇళ్లలో ఈ మాట ఎలా వాడతామో చూడండి. పెళ్లి సంబంధాలకీ, అన్నదమ్ముల వాటాలకీ రాయబారాలు నడుస్తాయి. వాటికి చిన్నపిల్లాణ్ణి పంపరు. మా చిన్నప్పుడు పొలం గట్టు తగాదాలో మా నాన్న, బాబాయి ఆరు నెలలు మాట్లాడుకోలేదు. రాయబారానికి వచ్చింది మా మేనత్త భర్త, మావయ్య. అరుగు మీద కూర్చుని మా నాన్న తిట్టిన తిట్లన్నీ విన్నాడు. మజ్జిగ తాగి, కండువా దులుపుకుని బాబాయి ఇంటికి నడిచాడు. అక్కడ ఆ తిట్లలో ఒక్కటీ చెప్పలేదు. “అన్నయ్య నీ పిల్లల చదువు గురించి అడిగాడు” అన్నాడట. అది మా నాన్న అడగని ప్రశ్న. ఆ దసరాకి గట్టు సర్దుబాటైంది. ఏది చేర్చాలో, ఏది తన దగ్గరే మింగెయ్యాలో తేల్చుకునే అధికారం మావయ్యకి ఇద్దరూ ఇచ్చారు. బారం అంటే అదే.

ఈ తేడాని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఎప్పుడో చెప్పాడు. దూతలు మూడు రకాలన్నాడు. మంత్రికి ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు, పని మొత్తం అతనికే వదిలేస్తారు. అందులో పావు వంతు తగ్గితే పరిమితార్థుడు, గీత గీసి పంపుతారు. సగం తగ్గితే శాసనహరుడు, రాసిచ్చిన ఆజ్ఞ చేర్చి రావడమే. ఎదుటి రాజు మనసు ఎలా పట్టాలో కూడా రాశాడు: గొంతులో, ముఖంలో, చూపులో ప్రసన్నత ఉందా, మన రాజు మంచితనం చెబుతుంటే ఆసక్తిగా వింటున్నాడా, ఆసనం దగ్గరగా వేయించాడా. ఇవాళ టీవీలో ఇద్దరు నాయకుల కుర్చీల మధ్య దూరం చూసి విశ్లేషకులు మాట్లాడేది అదే విద్య.

భారతంలో ఉద్యోగ పర్వం చదువుతుంటే ఈ మూడు మెట్లూ నాకు వరసగా కనిపిస్తాయి. ముందు ద్రుపదుడి పురోహితుడు వెళ్తాడు, చెప్పమన్నది చెప్పి వస్తాడు. తర్వాత ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపుతాడు. సంజయుడు శాంతి గురించి ఎంత తీయగా చెప్పినా, ఇవ్వడానికి ఆయన చేతిలో ఒక్క ఊరు కూడా లేదు. ఐదూళ్లిచ్చినా చాలన్న మాట ధర్మరాజే ఆయన చేత తిరుగు కబురుగా పంపాడు. ఆ తర్వాత కృష్ణుడు. ఆయనకి ఎవరూ గీత గీయలేదు.

అందులో ఒక చిన్న ఘట్టం నాకు చాలా ఇష్టం. హస్తినలో దుర్యోధనుడు భోజనానికి రమ్మంటాడు. కృష్ణుడు వెళ్లడు. పని నెరవేరాకే దూతలు భోంచేస్తారంటాడు. దుర్యోధనుడు ఇంకా బలవంతపెడితే, పరాయి అన్నం తినడానికి ప్రేమైనా ఉండాలి, ఆపదైనా ఉండాలి, నీకు నా మీద ప్రేమ లేదు, నాకు ఆపదా లేదని తేల్చేస్తాడు. విదురుడి ఇంట్లో తింటాడు. ఒక పూట అన్నం వద్దనడం కూడా రాయబారంలో ఒక వాక్యమే.

మొదటి ప్రశ్న వేసిన మిత్రుడికే ఇంకో అనుమానం: ఇవన్నీ పురాణాలు, ఇప్పటి పద్ధతికి సంబంధమేంటని. లంకలో రావణుడు హనుమంతుణ్ణి చంపమంటే విభీషణుడు అడ్డుపడి దూతను చంపకూడదన్నాడు. 1961లో వియన్నాలో కుదిరిన దౌత్య సంబంధాల ఒప్పందం 29వ అధికరణం కూడా దూత శరీరం జోలికి రావద్దనే చెబుతుంది, అరెస్టు కూడా కుదరదు. 1979 నవంబరు 4న ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది అందుకే. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు.

వాళ్లని విడిపించిన తీరు మన మాటకి బాగా పనికొస్తుంది. చివరి ఒప్పందం వేళ అమెరికా, ఇరాన్ ఒక బల్ల ముందు కూర్చోలేదు. అల్జీరియా మధ్యలో నిలబడింది. 1981 జనవరి 19న వెలువడిన ఆ పత్రాన్ని చూస్తే, అది అల్జీరియా ప్రభుత్వ ప్రకటన రూపంలో ఉంటుంది. ‘అమెరికా మాకు ఇలా మాటిచ్చింది, ఇరాన్ మాకు ఇలా మాటిచ్చింది’ అన్న పద్ధతి. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు మూడోవాడికి మాటిచ్చారు, మర్నాడు బందీలు విమానమెక్కారు. మా మావయ్య అరుగు మీద చేసిన పనికీ దీనికీ పరిమాణంలోనే తేడా.

ఇక మన నేల మీదికి వస్తే ‘వకీలు’ సంగతి చెప్పాలి. ఇవాళ వకీలంటే కోర్టు, నల్లకోటు. 18వ శతాబ్దంలో నిజాం, పేష్వాలు ఒకరి దర్బారులో ఒకరు ఉంచిన ప్రతినిధుల్ని వకీళ్లనేవాళ్లు. హైదరాబాదులో పేష్వా వకీలుగా గోవిందరావు కాళే ఉండేవాడు. ఒకరి తరఫున నిలబడి మాట్లాడేవాడన్న అర్థం అలాగే ఉంది, దర్బారు పోయి కోర్టు వచ్చింది.

‘రెసిడెంటు’ కథ మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారులో నివాసముండే ప్రతినిధి, అంతే ఆ మాటకర్థం. హైదరాబాదు కోఠీలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న భవనం అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ హయాంలో కట్టించిన ఆ రెసిడెన్సీనే. 1800లో ఆయన నడిపిన ఒప్పందంతో నిజాం బళ్లారి, కడప ప్రాంతాలు కంపెనీకి వదులుకున్నాడు. నిజాం దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద చేతులు మారిన ఆ నేలకి ‘దత్త మండలాలు’ అని పేరు పడింది. ఇచ్చేసిన నేల అన్న పేరు మోస్తూ అక్కడి జనం వందేళ్లకు పైగా బతికారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్నాక గానీ ఆ మచ్చ పోలేదు. చూశారా, మళ్లీ ‘రాయ’ దగ్గరికే వచ్చాం.

వాడుకలో దిద్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకునేది హైకమిషనర్‌ని, పని రాయబారిదే అయినా. హైదరాబాదులో వీసా కోసం వెళ్లేది కాన్సులేట్‌కి. ఎంబసీ ఢిల్లీలో ఉంటుంది. ‘దౌత్యవేత్త బహిష్కరణ’ అని శీర్షికలు పెడతారు గానీ, ఆతిథ్య దేశం చేసేది ‘ఈయన మాకు సమ్మతం కాదు’ అని ప్రకటించడం. వెనక్కి పిలిపించుకోవాల్సింది పంపిన దేశం. కారణం కూడా చెప్పక్కర్లేదు. దీనికి ‘అసమ్మత వ్యక్తి’ అంటే ఎలా ఉంటుందో చెప్పండి.

కింద ఒకరు రాసిన మాటకి జవాబిచ్చి ఆపుతాను. “కృష్ణ రాయబారం చివరికి విఫలమే కదా, ఆ మాటకి అంత గౌరవమెందుకు?” అన్నారు. అదే ప్రశ్న ముందురోజు రాత్రి విదురుడూ అడిగాడు: వాళ్లు వినరు, ఎందుకొచ్చావని. ఆపగలిగి కూడా కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు, అందుకొచ్చానన్నాడు. పొద్దున్నే లేచి, సంధ్య వార్చుకుని, సభకి వెళ్లాడు.